తూర్పు జల

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

ఛానెల్‌కు మానిటైజేషన్ వచ్చింది, ఇక నా బోరు వీడియోలకు యూట్యూబ్ డబ్బులిస్తుంది. పొద్దున మెయిల్ చూశాను. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, నాలుగు వేల గంటలు కావాలి అని ఏడాదిగా నా తల తిన్నవాళ్ళు ఇప్పుడు అభినందనలు అంటున్నారు. మీ అభినందనలు ఎవడికి కావాలి. డబ్బులు వేయండి.

అమ్మీకి చెప్పాను. నేలలో బొక్కను ఫోన్లో చూసేవాళ్ళకు పనిలేదా, అది చూపించినందుకు డబ్బులిచ్చేవాడికి బుద్ధి లేదా అని అడిగింది. ఆమె ఉదయగిరిలో ఇంటి వసారాలో కూర్చుని చెక్క స్పూన్లకు ఆకురాయి పడుతుంది. ఒక్క స్పూను నున్నగా రావడానికి ఆమె భుజం ఎంత అరుగుతుందో నాకు తెలుసు. నేను బొక్కలోకి తీగ వదిలితే డబ్బు రావడం ఆమెకు అన్యాయంగా ఉంది. నాకూ కొంచెం అలాగే ఉంది. అయినా తీసుకుంటాను.

నా పని ఏమిటో ఒకసారి రాసి పెట్టుకుంటాను. రేపు పెద్ద యూట్యూబర్‌ని అయ్యాక మర్చిపోకూడదు. ఆత్మకూరులో వరప్రసాదం అన్న మోటార్ల షాపు. అక్కడ బోరు కెమెరా నాది. అంటే కొన్నది అన్న, నడిపేది నేను. రైతు బోరులో నీళ్ళు తగ్గినా, మోటారు జారి పడిపోయినా, పైపులన్నీ పైకి పీకేసి నన్ను పిలుస్తారు. తీగ చివర చిన్న టార్చిలైటంత కెమెరా, దాని చుట్టూ లైట్లు. చక్రం తిప్పుతూ కిందికి వదలాలి. పైన స్క్రీనులో అంతా కనిపిస్తుంది. రాయి ఎక్కడ పగిలింది, జల ఏ పక్క నుంచి వస్తోంది, ఎన్ని అడుగుల లోతున వస్తోంది. అడుగుల లెక్క స్క్రీను మూలలో పడుతుంది.

ఎవడూ నేర్పలేదు. కొన్న నెలకే లోపలికి నీళ్ళు దూరి కెమెరా చచ్చింది. అన్న తల పట్టుకున్నాడు. కోయంబత్తూరుకు పంపాలన్నాడు. నేను తమిళం వీడియోలు చూసి, భాష అర్థం కాకపోయినా చేతులు చూసి, విప్పి, రబ్బరు రింగు మార్చి బతికించాను. అప్పటి నుంచి దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వను.

ఫిబ్రవరి 13, గురువారం

కామెంట్లు చదవకూడదు. చదివాను.

ఒకడు రాశాడు: ఇది బోరు కాదంట, పీవీసీ పైపుకు లోపల మట్టి పూసి తీసిన వీడియోనంట. వాడి కింద ఇంకో నలుగురు అవునవును అన్నారు. ఒకడైతే గ్రాఫిక్స్ బాగున్నాయి బ్రో అని మెచ్చుకున్నాడు. గ్రాఫిక్స్. మధ్యాహ్నం ఎండలో మూడు గంటలు చక్రం తిప్పితే అరచేతిలో లేచిన బొబ్బ ఉంది చూడు, అదీ గ్రాఫిక్సే.

అందరికీ జవాబులు రాశాను. నిషాత్ చదివి సగం తీసేయించింది. మా చెల్లెలు డిగ్రీ రెండో సంవత్సరం. టైటిళ్ళు, ముందు కనిపించే బొమ్మ ఆమె చూసుకుంటుంది. తిట్లు ఎక్కువైతే ఛానెల్‌ను మూసేస్తారంట. నేను నిజం చెప్తే మూసేస్తారు, వాళ్ళు అబద్ధం చెప్తే మూయరు. మంచి కంపెనీ.

ఫిబ్రవరి 18, మంగళవారం

కప్ప కనిపించిన వీడియోకు వ్యూస్ ఎక్కువ. నీళ్ళు కనిపించినదానికి తక్కువ. మనుషులు ఇంతే.

ఫిబ్రవరి 24, సోమవారం

ఈరోజు పని గురించి మొత్తం రాయాలి.

దుత్తలూరు అవతల వెంకమ్మ పెద్దమ్మ నిమ్మతోట. నాకు బంధువు కాదు. యాభై దాటిన రైతు, నాకు పెద్దమ్మ అనే వచ్చింది. భర్త లారీ మీద తిరుగుతాడు, నెలకోసారి ఇంటికి వస్తాడు. తోట అంతా ఆమెదే. మోటారు కాలిపోతే పైకి తీశారు. ఎటూ తీశారు కాబట్టి లోపల జల ఎలా ఉందో చూడమని పిలిచింది.

పోగానే నా మొహం చూసి, మీసం రాని పిల్లోణ్ణి పంపించినారేంది అని వరప్రసాదం అన్నకు ఫోన్ చేసింది. నాకు మండింది. మీసానికీ కెమెరాకూ ఏం సంబంధం అన్నాను. నోరు మాత్రం వచ్చినట్టుండాది అని కాఫీ పోసింది.

ఎండలో స్క్రీను కనపడదు. అందుకని నేనూ రైతూ ఒకే దుప్పటి నెత్తి మీద కప్పుకొని చూస్తాం. ఊళ్ళో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. దుప్పటి లోపల చీకటి, చెమట, మధ్యలో వెలుగుతున్న బొమ్మ. కేసింగు దాటాక రాయి మొదలవుతుంది. గులాబీ రంగు, బూడిద రంగు, మధ్యలో తెల్లటి చారలు. ఈ రాయిని ఇప్పటి వరకు ఎవరూ చూసి ఉండరు. రోజూ చూస్తాను, రోజూ బాగుంటుంది. ఈ మాట ఎవరికీ చెప్పను.

వెంకమ్మ పెద్దమ్మ వంద అడుగుల వరకు మాట్లాడుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. రెండువందల అరవై దగ్గర రాయి అడ్డంగా చీలి ఉంది. ఆ చీలికలోంచి నీళ్ళు. వేలు లావున, ఆగకుండా. కెమెరాను తిప్పి చూశాను. తూర్పు పక్క. తోట గట్టు వైపు నుంచి వస్తోంది.

అంతవరకు నన్ను పిల్లోడు అన్న మనిషి నా భుజం పట్టుకుంది. "ఇదేనా అబ్బయా నా చెట్లను సాకతా ఉండేది" అంది.

అవునన్నాను. చాలాసేపు చూసింది. పదిహేడేళ్ళుగా ఈ నీళ్ళు వాడుతోందంట, ఇప్పుడే ముఖం చూడటం. దుప్పటి తీయగానే మళ్ళీ మామూలు మనిషి అయిపోయి, కెమెరా కూలి ఎక్కువని బేరం మొదలుపెట్టింది. నిమ్మకాయలు అమ్మాక ఇస్తానంది.

ఫిబ్రవరి 25, ఉదయం 6 గంటలు

అప్‌లోడ్ చేశాను. ఈసారి ఎవడూ పీవీసీ పైపు అనడానికి లేదు. టైటిల్లో ఊరు పేరు పెట్టాను. వెంకమ్మ గారి నిమ్మతోట అని పెట్టాను. బోరు బయట నిలబడి గట్టు, చెట్లు, కరెంటు స్తంభం అన్నీ చూపించాను. జల ఎన్ని అడుగుల్లో ఉందో, ఏ దిక్కు నుంచి వస్తోందో నా గొంతుతో చెప్పాను. నిషాత్ ఇంత వివరం ఎందుకు భయ్యా అంది. ఆధారం అన్నాను. ఇప్పుడు రండిరా.

మార్చి 1, శనివారం

లక్ష దాటింది. లక్ష. కప్ప లేకుండా.

జల కనిపించే చోట అందరూ వెనక్కి జరిపి మళ్ళీ చూస్తున్నారంట. నిషాత్ వ్యూస్ గీత చూపించింది, అక్కడ కొండలా లేచింది. కువైట్ నుంచి ఒకాయన రాశాడు, మా ఊరి నీళ్ళు చూసి కళ్ళు తడిశాయని. పీవీసీ పైపు గాడు మాత్రం కనపడలేదు. వాడి కోసమే పెట్టాను, వాడే రాలేదు.

రేపటి నుంచి రోజా, నెలంతా ఉపవాసం. అమ్మీ సామాన్ల చీటీ ఇచ్చింది. బజారుకు పాడుకుంటూ పోయాను. చాలా రోజుల తర్వాత ఎవరి మీదా కోపం లేదు. ఇది కూడా రాసి పెట్టుకోవాలి.

మార్చి 6, గురువారం

వెంకమ్మ పెద్దమ్మ ఫోన్. తిట్టలేదు. అందుకే భయం వేసింది. గట్టు అవతలకు బోరు వేసే రిగ్గు బండి వచ్చిందని చెప్పింది. రేపు ఒకసారి రమ్మంది.

గట్టు అవతల ఆదినారాయణ పొలం. ఆమెకు సొంత మరిది. భాగాలు పంచుకున్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మార్చి 7, శుక్రవారం

జుమ్మా నమాజు చేసుకొని బండి మీద పోయాను. రిగ్గు అప్పటికే వెళ్ళిపోయింది. గట్టు అవతల బూడిదలాంటి రాతిపొడి కుప్ప. గాలికి లేచి పెద్దమ్మ నిమ్మాకుల మీద కూడా పడి ఉంది. ఆమె బోరుకూ అతని కొత్త బోరుకూ మధ్య గట్టు తప్ప ఏమీ లేదు. ఒక ట్రాక్టరు తిరిగేంత జాగా. అంతే. బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలని రూలు ఉందంట. ఉంటుంది.

అతనికి నీళ్ళు పడ్డాయి. రెండువందల అరవై దగ్గరే.

వెంకమ్మ పెద్దమ్మ స్టార్టరు డబ్బా పక్కన కింద కూర్చుని ఉంది. మోటారు వేసి చూపించింది. కొత్త మోటారు. కాసేపు నీళ్ళు పోసింది. తర్వాత పైపు దగ్గింది, గాలి తన్నింది, మళ్ళీ నాలుగు చుక్కలు. ఆపేసింది.

"నేను నీకు కాఫీ పోసినాను. నువ్వు నా నీళ్ళకు దోవ చూపిచ్చినావు" అంది.

పైపు మూతికి చెయ్యి పెట్టి చూశాను, తడి మాత్రం ఉంది.

గట్టు అవతల నుంచి ఆదినారాయణ నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఏదో పెళ్ళికి వచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. ఊళ్ళో మాట చెల్లే మనిషి. మన యూట్యూబు పిల్లోడు వచ్చినాడు అని పక్కవాళ్ళకు చూపించాడు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకొని జల చూసేవాళ్ళకు ఎంతో పోశానని, నీ వీడియో మాత్రం ఊరికే దొరికిందని చెప్పాడు. జల కనిపించే చోట ఆపి పెట్టుకున్న నా వీడియో నడిపి చూపించాడు. మూలలో అంకె. నా గొంతు తూర్పు అంటోంది.

అతన్ని కొట్టాలనిపించింది. రోజాలో ఉన్నాను. అతను నాకంటే లావు కూడా.

ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆలోచన. ఇక్కడ బోరు లోతు అడగడమంటే ఇంటి గుట్టు అడగడం. రైతు మూడొందలు అన్నాడంటే అది రెండొందలైనా అయ్యుండాలి, నాలుగొందలైనా అయ్యుండాలి. పక్క చేనువాడికి అసలు సంగతి చచ్చినా చెప్పడు. ఈ సంగతి నాకు తెలియదా. మూడేళ్ళుగా బోర్ల మీదే బతుకుతున్నాను. తెలుసు. తెలిసీ పెట్టాను. ఎందుకు? ముఖం తెలియనివాడు ఎవడో పీవీసీ పైపు అన్నందుకు.

మార్చి 8, శనివారం

వీడియో తీసేశాను. ఎవరెవరి ఫోన్లలో ఉందో అక్కడ ఉండనే ఉంది.

మార్చి 11, మంగళవారం

పని లేదు. దుత్తలూరు వైపు రెండు పనులు ఒప్పుకున్నవి వెనక్కి పోయాయి. ఒక రైతు వరప్రసాదం అన్నతో చెప్పాడంట, కెమెరా వస్తే రానీ, ఆ సాయిబుల పిల్లోడు ఫోన్ ఇంట్లో పెట్టి రావాలని. ఇంకొకాయన, మీ కెమెరా దించడం అంటే మైకులో చెప్పించడమేనని అన్నాడంట.

అన్న నా మీద అరవలేదు. వీడియోలు చూసి ఫోన్లు వచ్చినప్పుడు నేనూ సంతోషపడ్డాను కదా అన్నాడు. కానీ ఇక వద్దు, షాపు పోతుంది అన్నాడు. ఛానెల్ మూసెయ్యి అనలేదు. అన్నట్టే.

షాపులో మోటార్లు తుడిచాను.

అమ్మీకి అంతా చెప్పాను. ఆమె చేతిలో స్పూను ఆపలేదు. చెక్క ఏ కొండలో ఎక్కడ దొరుకుతుందో తెచ్చేవాళ్ళు తమ్ముడికి కూడా చెప్పరని అంది. ఇది నువ్వు పుట్టకముందు నుంచి ఉన్న పద్ధతి, నీకు ఫోన్ వచ్చిందని మారదు అంది. తర్వాత ఖర్జూరం పెట్టింది.

మార్చి 14, శుక్రవారం

ఆదినారాయణ షాపుకు ఫోన్ చేశాడు. తన బోరులో కెమెరా దించాలంట.

నేనే ఎత్తాను. కొత్త బోరులో అద్దె మోటారు వేశాడంట. కాసేపు బ్రహ్మాండంగా పోస్తోందంట, తర్వాత గాలి తన్నుతోందంట. లోపల ఏదో అడ్డం పడి ఉంటుంది, వచ్చి చూడు అన్నాడు.

ఒళ్ళు మండింది. ఎందుకు తన్నదు అన్నాను. ఒక కుండలో ఇద్దరు గొట్టాలు పెట్టి పీలిస్తే ఏమవుతుందో నీ వయసుకు తెలియదా అన్నాను. పక్క మనిషి నీళ్ళు దొంగిలించినవాడికి కెమెరా దించను అన్నాను. వరప్రసాదం అన్న కౌంటరు వెనక నుంచి చేతులు ఊపుతున్నాడు, వద్దు వద్దని.

ఆదినారాయణ కూడా మెత్తగా ఏమీ లేడు. "నా చెట్లు ఎండతా ఉంటే నేను నీ వీడియోలు చూస్తా కూర్చోవాల్నా? దోవ చూపిచ్చింది నువ్వు, దొంగను నేనా?" అన్నాడు.

ఆ మాట నిజం. అందుకని ఇంకా గట్టిగా అరిచాను.

అన్న ఫోన్ లాక్కొని సోమవారం పంపిస్తానని చెప్పాడు.

సాయంత్రం రోజా విప్పాక కోపం తగ్గింది. ఒక ఆలోచన వచ్చింది. పోతాను. కెమెరా దించుతాను. వెంకమ్మ పెద్దమ్మను కూడా పిలిపిస్తాను. అతని బోరులో ఉన్నది ఆమె నీళ్ళేనని ఆమె ముందే, అతని కళ్ళతోనే చూపిస్తాను. రికార్డు చేస్తాను. మొహం కూడా చూపిస్తాను. టైటిల్ రాసి పెట్టుకున్నాను: వదిన నీళ్ళు తాగిన మరిది. లక్ష ఏంది, పది లక్షలు వస్తాయి.

అంటే కోపం తగ్గలేదన్నమాట.

మార్చి 17, సోమవారం

చక్రం తిప్పీ తిప్పీ అలసిపోయాను. అయినా రాస్తాను.

పెద్దమ్మ మొదట రానంది. వాడి పొలంలో అడుగు పెట్టి ఏడేళ్ళయింది, ఇప్పుడు పెట్టను అంది. నీ నీళ్ళు చూడ్డానికి రా, వాణ్ణి చూడ్డానికి కాదు అన్నాను. కొంగు బిగించుకొని గట్టు దిగింది. ఆదినారాయణ ఆమెను చూసి ఆకాశం వైపు చూశాడు. ఆమె కరెంటు స్తంభం వైపు చూసింది. మంచి సంసారం.

మోటారు పైకి తీసి ఉంది. కెమెరా దించాను. రెండువందల అరవై దగ్గర అదే చీలిక, ఈసారి పడమర పక్కన. అచ్చం అదే రాయి, అదే తెల్లచార. గట్టు కింద ఒకే జల, అటు నుంచి ఆమె, ఇటు నుంచి అతను. ఇంకా కిందికి దించాను, అక్కడా రాయి చీలే ఉంది. నీళ్ళు మొదలయ్యే చోటు దాటించి, కెమెరాను మునిగేలా ఆపాను. తర్వాత గట్టు అవతల ఉన్న పెద్దమ్మ కూలి మనిషికి అరిచి చెప్పి ఆమె మోటారు వేయించాను.

ఎండ మాడిపోతోంది. స్క్రీను కనపడదు. దుప్పటి ఒక్కటే ఉంది.

ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. ముందు ఆమె దూరింది. అతను అటూ ఇటూ చూసి, చొక్కా సర్దుకొని, దూరాడు. మధ్యలో నేను. ముగ్గురి చెమట ఒకటే వాసన.

స్క్రీనులో మసక. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత పైన ఒక వెలుగు గీత కనిపించింది. అది కిందికి దిగుతూ వచ్చి కెమెరాను దాటిపోయింది. మసక పోయి రాయి తేటగా కనిపించింది. నీళ్ళు కిందికి పోతున్నాయి. ఈ బోరులో మోటారు లేదు. నీళ్ళు పోతున్నాయి.

నేను రాసిపెట్టుకున్న మాటలు అనడానికి నోరు తెరిచాను. చూడు, ఎవరి నీళ్ళో చూడు అని. కానీ ఇటు తిరిగితే పెద్దమ్మ మొహం కనిపించింది. ఆమె సంతోషపడలేదు. భయపడింది. ఆమె మోటారు వేస్తే అతని బోరు దిగిపోతోంది. రేపు అతను మోటారు దించి వేస్తే ఆమెది ఇలాగే దిగిపోతుంది. ఇద్దరూ పోటీపడితే ఇద్దరికీ గాలే. ఇందులో దొంగ ఎవరో స్క్రీను చెప్పడం లేదు. అది నీళ్ళు ఎక్కడున్నాయో మాత్రమే చెప్తుంది.

పోయి మోటారు ఆపుతాను, మీరిద్దరూ చూస్తూ ఉండండి అని బయటికి వచ్చాను. కూలి మనిషికి చెప్పినా ఆపేవాడు. నాకే అక్కడ ఊపిరాడలేదు. గట్టు ఎక్కి, దిగి, ఆమె స్టార్టరు ఆపి, తిరిగి వచ్చాను.

దుప్పటి అలాగే ఉంది. లోపల ఇద్దరూ. దగ్గరికి పోయి ఆగాను.

"వదినా, ఎక్కతా ఉండాది చూడు."

"చూస్తానే ఉండాను. నా కళ్ళేం పోలేదు."

ఆమె అడిగింది, చెట్లు ఎన్ని పోయినాయి అని. అతను గొంతు సరిచేసుకొని, దక్షిణం పక్క రెండు వరసలు అన్నాడు. నాయన పెట్టినవా అంది. అవునన్నాడు. ఆమె వాళ్ళ మామను కూడా నాయన అనే పిలిచేదంట.

నేను దుప్పటి ఎత్తలేదు. చక్రం దగ్గర కూర్చున్నాను. నీళ్ళు కెమెరాను ముంచే ఉంటాయి. నాకు కనపడలేదు. కనపడాల్సిన వాళ్ళకు కనపడింది.

బయటికి వచ్చాక మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆదినారాయణ నన్ను పక్కకు పిలిచి, ఇది కూడా వీడియోలో పెడతావా అని అడిగాడు. మొదటిసారి అతని గొంతు చిన్నగా ఉంది. నేను రికార్డింగు అతని ముందే తుడిచేశాను. టైటిల్ బాగుండింది. పోయింది.

మార్చి 19, బుధవారం

వెంకమ్మ పెద్దమ్మ షాపుకు వచ్చింది, మోటారు గ్యారంటీ కార్డు కోసమని. అసలు చెప్పడానికి వచ్చింది వేరే.

ఒప్పందం అయిందంట. రోజు విడిచి రోజు. ఒక రోజు ఆమె మోటారు, ఒక రోజు అతనిది. ఎవరూ మధ్యలో లేరు. గట్టు మీద నిలబడి, ఆమె తన చెట్లతో చెప్పినట్టు చెప్పిందంట, అతను తన ఎద్దుతో అన్నట్టు ఒప్పుకున్నాడంట. మొదటి రోజు ఎవరిదన్న దగ్గర మాత్రం గంటసేపు తగువు. ఆమే గెలిచింది.

ఒక చిక్కు ఉంది. ఇద్దరి స్టార్టర్లకూ ఆటో ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఆటో ఉంటే వంతు ఎక్కడ ఆగుతుంది? అందుకని రెండూ పీకించాలి. ఒకరిది ముందు పీకితే రెండోవాళ్ళు మోసం చేస్తారని ఇద్దరికీ అనుమానం. నేను పోయి ఒకే పూట రెండూ పీకాను. ఒకటి నా కుడి జేబులో, ఒకటి ఎడమ జేబులో. ఇద్దరూ గట్టుకు చెరో పక్క నిలబడి నా జేబులు చూశారు.

కెమెరా కూలి సంగతి ఎత్తాను. "నీకు ఇయ్యాల్సింది ఇయ్యను పో. నువ్వు చేసినదానికి అదీ ఇదీ సరి" అంది. అన్న నా వైపు చూశాడు. నా కూలిలో పట్టుకో అన్నాను. చవకే.

మార్చి 22, శనివారం

వరప్రసాదం అన్నతో కూర్చుని మాట్లాడాను. ఛానెల్ మూయను అన్నాను. కొత్త పద్ధతి చెప్పాను. ఊరు పేరు ఉండదు. రైతు పేరు ఉండదు. పైన చెట్టూ గట్టూ కనపడవు. మూలలో అడుగుల అంకె మీద నల్ల పట్టీ. దిక్కు చెప్పను. రైతు సరే అంటేనే తీస్తాను, చూపించి పెడతాను, వద్దంటే తుడుస్తాను. అన్న ఆలోచించి, మరి చూడ్డానికి ఏముంటుంది రా అన్నాడు.

రాయి ఉంటుంది అన్నాను. నీళ్ళు ఉంటాయి.

అన్న నవ్వాడు. పెట్టుకో అన్నాడు.

మార్చి 26, బుధవారం

మొదటి డబ్బు పడింది. ఎంతో ఇక్కడ రాయను, నిషాత్ ఈ డైరీ చదువుతోందని అనుమానం. అమ్మీ బ్యాంకు మెసేజ్‌ను నాతో రెండుసార్లు చదివించుకుంది. బొక్క చూసినందుకేనా అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. ఫోన్‌ను కళ్ళకద్దుకొని, పనిలేనివాళ్ళు చల్లగా ఉండాలి అంది.

పండక్కి అమ్మీకి చీర, నిషాత్‌కు ఆమె అడిగిన ఇయర్‌ఫోన్లు, కెమెరాకు మంచి రబ్బరు రింగులు. నాకు ఏమీ కొనుక్కోలేదు అని అమ్మీ తిట్టింది. రబ్బరు రింగులు నాకే అని చెప్పినా అర్థం కాలేదు.

మార్చి 29, శనివారం

కొత్త పద్ధతిలో మొదటి వీడియో. ఆత్మకూరు దగ్గర ఒక పాత బోరు. ఇంతకంటే చెప్పను.

పీవీసీ పైపు గాడు తిరిగొచ్చాడు. ఊరు పేరు ఎందుకు దాచావు, దొరికిపోయావు కదా బ్రో అని రాశాడు. కింద నలుగురు అవునవును. నిషాత్ నా చేతిలోంచి ఫోన్ లాక్కోబోయింది. అవసరం లేదన్నాను. వాడి కామెంటుకు ఒక లైకు కొట్టాను. వాడు కూడా చివరి దాకా చూశాడు కదా, ఆ గంటలు నా లెక్కలోనే పడతాయి.

లక్ష రాలేదు. వచ్చినవాళ్ళు మాత్రం మొత్తం చూస్తున్నారు.

మార్చి 31, సోమవారం, పండగ

నమాజు నుంచి వచ్చేసరికి నాలుగు మిస్డ్ కాల్స్. మూడు ముబారక్‌లు. నాలుగోది దుత్తలూరు వైపు రైతు. ఫోన్ ఇంట్లో పెట్టి రావాలన్న మనిషే. నువ్వు ఇప్పుడు ఊరు పేరు చెప్పడం లేదంట కదా, మాది ఒకటి చూసి పోతావా అన్నాడు. ఫోన్ తెచ్చుకో, వీడియో తీసుకో, అంకె మాత్రం కప్పెయ్యి అన్నాడు.

సేమ్యా రెండు గిన్నెలు తాగాను.

ఏప్రిల్ 9, బుధవారం

పొద్దున్నే ఆదినారాయణ ఫోన్. ఈరోజు అతని వంతంట. రాత్రి జ్వరం వచ్చి పడుకుండిపోయాడంట, మోటారు సంగతే మర్చిపోయాడంట. లేచి పరిగెత్తుకుంటూ పోతే మోటారు తిరుగుతోందంట, పాదుల్లో నీళ్ళు నిండి ఉన్నాయంట. వంతు పోతుందని వదిన గట్టు దిగి వచ్చి స్టార్టరు నొక్కి పోయిందంట.

వీడియో తీశావా అని అడిగాను. తిట్టి ఫోన్ పెట్టేశాడు.